86–88 ఆర్ఎక్స్-7లో 89–91 ఇంజన్: ఆయిల్ పంప్, ఫ్లైవీల్ సంగతి

86–88 మాజ్దా ఆర్ఎక్స్-7 కారులో 89–91 ఇంజన్ పెడితే బ్లాక్ మౌంట్ల మీద కూర్చుంటుంది, గొడవంతా చుట్టూ ఉన్న సామానుతోనే. 89 నుంచి వచ్చిన 13బిలో (ఈ కారు రోటరీ ఇంజన్, పిస్టన్ల బదులు రోటర్లు తిరుగుతాయి) రోటర్లకు చమురు పోసే మీటరింగ్ పంప్ ఎలక్ట్రానిక్. పాత ఈసీయూకి (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌కి) దాన్ని నడపడం రాదు. అలాగే వదిలేస్తే ఏపెక్స్ సీళ్లు (రోటర్ కొనల మీద ఉండేవి) ఎండిపోయి అరుగుతాయి. నేను పాత మెకానికల్ పంప్‌ని దాని ఫ్రంట్ కవర్‌తో సహా మార్చాను. అది దొరక్కపోతే పంప్ మూసేసి, లీటరు పెట్రోల్‌కి సుమారు 8 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిల్ కలపాలి. ప్రతిసారీ గుర్తుపెట్టుకోగలిగితేనే.

కవర్ విప్పేముందు ఇంజన్‌ని ముందు భాగం పైకి వచ్చేలా నిలబెట్టాలి. అడ్డంగా ఉంచి ముందు బోల్ట్ వదులు చేస్తే లోపలి నీడిల్ బేరింగ్ జారి, బిగించేటప్పుడు నలిగిపోతుంది. బిగించాక షాఫ్ట్ ఎండ్ ప్లే (ముందుకీ వెనక్కీ కదిలే సందు) 0.04–0.07 మి.మీ. మధ్య ఉండాలి. కవర్ వెనక చిన్న ఓ-రింగ్ కొత్తది వేయండి. అది పోతే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది.

కొత్త రోటర్లు తేలిక. కాబట్టి ఫ్లైవీల్, ముందు కౌంటర్‌వెయిట్ (బ్యాలెన్స్ కోసం పెట్టే బరువు) రెండూ 89–91వే ఉండాలి, పాతవి వేస్తే వణుకు తప్పదు. ఈసీయూ పాతదే కాబట్టి థ్రాటిల్ సెన్సర్ మాత్రం పాతదే ఉండాలి.