గోదావరి డెల్టాలో మిల్లు యార్డుకు తారు: లెక్క నేల నుంచి పైకి వేయండి

రావులపాలెం, ఆలమూరు, కొత్తపేట లాంటి ఊళ్లలో రైస్ మిల్లు యార్డుకో, అరటి గెలల మార్కెట్‌కో, ఫంక్షన్ హాలు పార్కింగ్‌కో తారు వేయించాలనుకున్నవారు మొదట అడిగేది "గజం ఎంత?" అని. ఆ ఒక్క రేటు పట్టుకుని బడ్జెట్ వేస్తే రెండో వానాకాలానికే గుంతలు పడతాయి. డెల్టాలో తారును చెడగొట్టేది పైన తిరిగే లారీ ఒక్కటే కాదు, అడుగున నిలిచే నీరు కూడా. అందుకే ఖర్చు లెక్క నేల దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి. కింది లెక్కలన్నీ 25 సెంట్ల యార్డుకు, అంటే 1,210 గజాలకు, ఇంచుమించు 1,000 చదరపు మీటర్లకు వేసినవి.

ముందు నీళ్ల సంగతి

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. ఏటిగట్టుకు బయట ఉన్నాం, మనకేం ఇబ్బంది లేదనుకోవద్దు. నది నిండుగా ఉన్న రోజుల్లో మురుగు డ్రైన్లు దిగవు, నీరు ఎదురు తన్నుతుంది. అదే సమయంలో వాన పడితే యార్డు పక్క బోదె అంచుదాకా నిండుతుంది. 2022 జులై వరదల్లో, అంతకు ముందు 1986 ఆగస్టులో మీ వీధిలో నీరు ఎక్కడిదాకా వచ్చిందో పాతవాళ్లను అడిగి గోడ మీద గుర్తు పెట్టించండి. మామూలు వానాకాలంలో డ్రైన్ నీరు నిలిచే ఎత్తును ఇంకో గుర్తు పెట్టండి. ఈ రెండు గీతలూ లేకుండా ఏ కాంట్రాక్టరుతోనూ రేటు మాట్లాడవద్దు.

గట్టిపరిచిన నేల పొర అడుగు భాగం ఆ వానాకాలపు నీటిమట్టానికి కనీసం 60 సెంటీమీటర్లు పైన ఉండాలి, మీటరు దొరికితే ఇంకా మంచిది. అంత ఎత్తు లేపడానికి వీలుకాకపోతే, లేదా స్థలం ఏటిగట్టు లోపల ఉంటే, తారు ఆలోచన మానుకుని సిమెంటు కాంక్రీటుకు వెళ్లడం మేలు. ఏటా మునిగే చోట తారు పెట్టుబడి నిలవదు.

వాలు 50కి 1 ఉండాలి. 32 మీటర్ల చదరపు యార్డును ఒకే వైపు వాలిస్తే 64 సెంటీమీటర్ల తేడా వస్తుంది. లారీ డాలాకూ గోడౌన్ గట్టుకూ ఎత్తు కుదరదు. నడిమధ్య వెన్ను పెట్టి రెండు వైపులా వాలిస్తే 32 సెంటీమీటర్లతో సరిపోతుంది. వెన్ను ఎక్కడ వస్తుందో, నీరు ఏ మూల నుంచి బయటికి పోతుందో కాగితం మీద గీసి, లెవల్ మిషన్‌తో నేల మీద మేకులు కొట్టించండి. యార్డు జాతీయ రహదారికి ఆనుకుని ఉంటే దారి కలుపుకోవడానికి హైవే అధికారుల అనుమతి, కాలువ గట్టు మీదుగా దారి ఉంటే ఇరిగేషన్ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. అవి నెలలు పట్టవచ్చు.

మట్టి

మూడు చోట్ల మీటరు లోతు గుంటలు తీయించండి. ఒండ్రు మట్టి, దాని కింద నల్ల బంకమట్టి, కొన్నిచోట్ల ఎప్పుడో పూడ్చిన బుసక కనిపిస్తాయి. నమూనాలను ల్యాబ్‌కు పంపి రెండు పరీక్షలు తప్పక చేయించాలి. ఒకటి నాలుగు రోజులు నీటిలో నానబెట్టి నేల బలాన్ని కొలిచే సీబీఆర్, రెండోది ఉబ్బుదల పరీక్ష. బంకమట్టిలో సీబీఆర్ 2, 3 రావడం మామూలే. ఉబ్బుదల 50 శాతం దాటితే ఆ మట్టి మీద నేరుగా ఏదీ వేయకూడదు. అర మీటరు తవ్వి తీసేసి గ్రావెల్ నింపడం ఒక దారి. 3 నుంచి 5 శాతం సున్నం కలిపి దున్ని రోలర్ తొక్కించడం ఇంకో దారి. డెల్టాలో గ్రావెల్ దొరకదు, మెట్ట నుంచి టిప్పర్లలో రావాలి. అందుకే దూరం పెరిగేకొద్దీ సున్నమే చవక అవుతుంది. రెండు పద్ధతులకూ రేటు అడిగి పోల్చుకోండి.

కొబ్బరితోట తీసిన స్థలమైతే ప్రతి మొద్దునూ వేళ్లతో సహా పెకలించాలి. నేలమట్టానికి కోసి మట్టి కప్పేస్తే కొన్నేళ్లకు మొద్దు కుళ్లి సరిగ్గా అక్కడే గుండ్రంగా కుంగుతుంది. వరి చేను పూడ్చిన చోట పైనున్న బురద పొర మొత్తం తీసేయాలి.

నింపే మట్టిని 20 సెంటీమీటర్ల పొరలుగా వేసి, తగినంత తడితో వైబ్రేటర్ రోలర్ తొక్కించాలి. అడగాల్సిన గట్టిదనం ల్యాబ్ సాంద్రతలో 97 శాతం. చివరగా నిండు లోడు టిప్పర్‌ను నడక వేగంతో నేలంతా తిప్పించి, మీరు పక్కనే వంగి చక్రం కింద చూడండి. చక్రం ముందు నేల అలలా లేచి వెనక దిగితే లోపల మెత్తదనం ఉన్నట్టే. అక్కడ సున్నంతో గీత గీయించి, తవ్వి మళ్లీ నింపించాలి. ఇది ఖర్చు లేని పరీక్ష, దీన్ని ఎవరు వద్దన్నా వదలవద్దు.

పొరలు, పరిమాణాలు

12, 14 చక్రాల లారీలు తిరిగే మిల్లు యార్డుకు, నేలను బాగుచేశాక, మేం సాధారణంగా పెట్టే మందాలు ఇవి: జీఎస్‌బీ (అడుగున వేసే గ్రావెల్, కంకర పొర) 200 ఎంఎం, వెట్‌మిక్స్ (తడిపి కలిపిన కంకర) 250 ఎంఎం, డీబీఎం (కింది తారు పొర) 50 ఎంఎం, పైన బీసీ (పై తారు పొర) 40 ఎంఎం. నానిన సీబీఆర్ 5 కంటే తక్కువ మిగిలితే జీఎస్‌బీ పెంచాలి, తారు కాదు. కార్లు మాత్రమే ఆగే ఫంక్షన్ హాలుకు జీఎస్‌బీ 150, వెట్‌మిక్స్ 200, బీసీ 40 చాలు. పల్లె రోడ్లకు వేసే 20 ఎంఎం ప్రీమిక్స్ కార్పెట్ చవకగా కనిపిస్తుంది కానీ దానిలో సందులు ఎక్కువ. పైన ఆ సందులు మూసే సీల్ కోట్ అరిగిన రోజు నుంచి నీరు దిగుతుంది. వ్యాపార యార్డుకు దాన్ని వేయించవద్దు.

మిల్లు యార్డు లెక్క ఇలా వస్తుంది. జీఎస్‌బీ తొక్కాక 200 ఘనపు మీటర్లు, అంటే వదులుగా తెప్పించాల్సింది దాదాపు 256. వెట్‌మిక్స్ తొక్కాక 250 ఘనపు మీటర్లు, బరువులో 550 టన్నులు. ప్రైమ్ కోట్ (వెట్‌మిక్స్ మీద కొట్టే పూత) చదరపు మీటరుకు 0.8 కిలో చొప్పున 800 కిలోల ఎమల్షన్ (నీటిలో కలిపిన తారు). టాక్ కోట్ (పొరలను అంటించే పూత) రెండుసార్లు కలిపి 500 కిలోలు. హాట్‌మిక్స్ (వేడిగా కలిపిన తారు, కంకర) సాంద్రత 2.35 చొప్పున డీబీఎం 118 టన్నులు, బీసీ 94 టన్నులు. వృథాకు 3 శాతం కలపండి.

అందులో అసలు తారు ఎంత? డీబీఎంలో 4.5 శాతం, బీసీలో 5.4 శాతం చొప్పున మొత్తం సుమారు 10.4 టన్నులు. ఆయిల్ కంపెనీలు తారు ధరను ప్రతి నెలా 1న, 16న మారుస్తాయి. టన్నుకు 5,000 రూపాయలు పెరిగితే ఈ యార్డు మీద 52,000 భారం పడుతుంది, జీఎస్టీ దానికి అదనం. కాబట్టి కొటేషన్‌లో ఏ తేదీ తారు ధర లెక్కగట్టారో రాయించండి. తేడా వస్తే 10.4 టన్నుల మీదే సర్దుబాటు, మొత్తం రేటు మీద కాదని కూడా రాయించండి.

ప్రతి పొరకు విడివిడిగా రేటు, "తొక్కిన తర్వాత మందం" అన్న మాట, తారు గ్రేడు (మన ఎండకు వీజీ-30, బరువు లారీలు నిలిచే చోట వీజీ-40), గ్రావెల్‌పై సీనరేజీ (ప్రభుత్వానికి కట్టే ఖనిజ రుసుము), జీఎస్టీ 18 శాతం ఎవరి ఖాతాలో ఉన్నాయో కాగితం మీద ఉండాలి. పేవర్ (తారు పరిచే యంత్రం), రోలర్లు తెచ్చి తీసుకెళ్లే ఖర్చు 25 సెంట్లకైనా 2 ఎకరాలకైనా ఇంచుమించు ఒకటే. దగ్గర్లో రోడ్డు పని చేస్తున్న కాంట్రాక్టరును పట్టుకుంటే, లేదా పక్క యార్డువాళ్లతో కలిసి ఒకేసారి వేయించుకుంటే బాగా కలిసొస్తుంది. మెత్తటి నేల బయటపడుతుందని 10 నుంచి 15 శాతం విడిగా ఉంచుకోండి. ఈ సొమ్మును పై పొరలకు వాడేయవద్దు.

తారు అసలు వేయకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. వేబ్రిడ్జికి రెండు వైపులా, లారీ నిలబెట్టి లోడు ఎత్తే చోట, డీజిల్ కారే చోట, ఉప్పుడు బియ్యం మిల్లులో వేడినీళ్లు పారే దారిలో ఎం-30 కాంక్రీటు పలకలే వేయాలి. డీజిల్ తారును కరిగిస్తుంది. నిలిచిన లారీ మే నెల ఎండలో తారును నొక్కి కాలువ చేస్తుంది. నిలబడిన చోటే స్టీరింగ్ తిప్పితే పై కంకర ఊడి వస్తుంది.

ఎప్పుడు వేయాలి

మిల్లులకు ఇదే చిక్కు. సార్వా ధాన్యం నవంబరు, డిసెంబరులో, దాళ్వా ధాన్యం ఏప్రిల్, మేలో వస్తాయి. మార్చిలో ప్రభుత్వ పనుల బిల్లుల హడావిడికి హాట్‌మిక్స్ ప్లాంట్లు ఖాళీగా దొరకవు. మా సలహా: సంక్రాంతి తర్వాత యార్డును రెండు సగాలు చేసి ఒక్కోటిగా మట్టిపని, జీఎస్‌బీ పూర్తి చేయండి. దాళ్వా లారీలను జీఎస్‌బీ మీదే తిరగనివ్వండి. మెత్తగా ఉన్న చోట్లన్నీ ఆ రోజుల్లోనే బయటపడతాయి. కాలువలు కట్టేశాక నేలలో నీరు దిగుతుంది. మే రెండో సగంలో పైనున్న బురద గీకి, కుంగినచోట్లు సరిచేసి వెట్‌మిక్స్, తారు వరసగా ముగించండి. తొలకరి పడేలోపు అయ్యేలా కనిపించకపోతే జీఎస్‌బీ దగ్గరే ఆగి జనవరి దాకా చూడండి. వానల్లో వేసిన తారును తర్వాత ఎవరూ బాగుచేయలేరు.

తారు రోజు

ప్రైమ్ కోట్ కొట్టే ముందు వెట్‌మిక్స్‌ను చీపుళ్లతో, గాలితో ఊడ్చి దుమ్ము లేకుండా చేయాలి. దుమ్ము మీద కొట్టిన ఎమల్షన్ పొరలా లేచిపోతుంది. కొట్టాక కనీసం 24 గంటలు వదలాలి.

ప్రతి టిప్పర్‌కూ వేబిల్లు తీసుకుని, వీలైతే మీ కాటా మీదే తూయండి. టార్పాలిన్ లేకుండా వచ్చిన బండిని వెనక్కి పంపండి. వీజీ-30 మిక్స్ ప్లాంటులో 150 నుంచి 165 డిగ్రీల వద్ద తయారై, పరిచేటప్పుడు కనీసం 140 ఉండాలి, రోలింగ్ 90కి దిగకముందే ముగియాలి. థర్మామీటరును కుప్పలోకి నాలుగు అంగుళాలు దించి చూడండి. నీలం పొగ వస్తే మిక్స్ మాడింది. కుప్ప మొన తేలి, మసకగా, గడ్డలుగా ఉంటే చల్లారింది. నూనె పూసినట్టు మెరుస్తూ చదునుగా జారిపోతే తారు ఎక్కువైంది లేదా కంకరలో తడి ఉంది. టిప్పర్ తొట్టెకు మిక్స్ అంటకుండా డీజిల్ పూసే అలవాటు చాలామందికి ఉంది. అది ఆ లోడు తారునే మెత్తబరుస్తుంది, సున్నపు నీళ్లు వాడమనండి.

40 ఎంఎం మందానికి పేవర్ వెనక దాదాపు 50 ఎంఎం వదులు పొర ఉండాలి. సాయంత్రం టన్నులు కలిపి 2.35తో, ఆపై వైశాల్యంతో భాగించండి, సగటు మందం వస్తుంది. 1,000 చదరపు మీటర్లకు 80 టన్నులే వచ్చి ఉంటే సగటు మందం 34 ఎంఎం, మీరు 40కి డబ్బు కడుతున్నారన్నమాట. రెండు, మూడు చోట్ల కోర్ (గుండ్రంగా కోసిన తారు ముక్క) తీయిస్తే వాదన అక్కడికక్కడే తేలుతుంది. మూడు రోజులపాటు కొత్త తారు మీద లారీలను నిలిపి ఉంచవద్దు.

చెల్లింపులు జీఎస్‌బీ, వెట్‌మిక్స్, తారు అయ్యాక మూడు విడతలుగా చేయండి. 10 శాతం ఒక వానాకాలం గడిచేదాకా ఆపుకోవడానికి ముందే ఒప్పందంలో రాసుకోవాలి. జీఎస్‌బీ పొర డ్రైన్ గోడ దగ్గర మూసుకుపోకుండా ప్రతి రెండు మీటర్లకూ నాలుగంగుళాల పీవీసీ గొట్టం బయటికి వచ్చి ఉందో లేదో చివరి విడత ఇచ్చే ముందు చూడండి. వరద నీరు యార్డు మీదికి వచ్చి తగ్గితే, ఆ గొట్టాల నుంచి నీరు కారడం పూర్తిగా ఆగేదాకా లోడు లారీలను లోపలికి రానివ్వవద్దు.