కెమెరా తెరపై గ్రానైటు దుమ్ము: నా అనుభవం

పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయాన్ని ఫొటోలు తీసి నల్లగొండకు తిరిగివచ్చిన సాయంత్రం, కెమెరా వెనుక తెరపై పేరుకున్న దుమ్మును కండువా కొసతో తుడిచి, నాలుగు సన్నని గీతలను నేనే కొనితెచ్చుకున్నాను. మన గ్రానైటు నేలల దుమ్ములో ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజపు రేణువులు మామూలు గాజుకంటే గట్టివి కనుక, గుడ్డ కింద నలిగితే తెరను గీస్తాయి.

మరునాడు స్విచ్ ఆపి, బ్యాటరీ తీసి, తెర నేలవైపు ఉండేలా కెమెరాను పట్టుకుని పిసికితే గాలి చిమ్మే రబ్బరు బ్లోయరుతో దుమ్మును ఎగరగొట్టాను; ఆ తరువాతే మైక్రోఫైబర్ గుడ్డకు రెండు చుక్కల డిస్టిల్డ్ వాటర్ అద్ది, ఒత్తకుండా తుడిచాను. నీటిని నేరుగా తెరపై చల్లితే అంచుల గుండా లోపలికి దిగవచ్చు. నోటితో ఊదడం నాకూ పాత అలవాటే గాని, ఉమ్మి తుంపరలు కొత్త మరకలవుతాయి.

వేలిముద్రలు పోయాయి, గీతలు పోలేదు. టూత్‌పేస్టుతో రుద్దమన్న మిత్రుడి సలహాను, అదీ గీకే పదార్థమే కనుక, పాటించలేదు. కెమెరా మోడల్‌కు సరిపోయే టెంపర్డ్ గ్లాసును (గట్టిపరచిన పలుచని రక్షణ గాజును) ఇకపై గీతలు తెరపై పడకుండా అతికించాను.