పోర్ట్‌బ్లెయిర్‌లో (ఇప్పటి శ్రీ విజయపురం) మా బీరువాకు పట్టిన బూజు ఎలా వదిలిందంటే

అండమాన్‌లో కాపురం పెట్టాక నాకు బాగా టెన్షన్ పెట్టింది గాల్లో చెమ్మ. ఇక్కడ మే నుంచి డిసెంబర్ దాకా వానలే, ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్లు. పట్టుచీరల మడతల్లో తెల్లటి బూజు, తోలు బెల్టు మీద పచ్చటి నూగు. డబ్బాలో కారం కూడా గడ్డకట్టేది.

దారి చూపింది పక్కింటి పిన్నిగారు. వాళ్లది శ్రీకాకుళం. ఆవిడ చెప్పినట్టు బీరువాను గోడకు జానెడు దూరం జరిపాను. కింది అరలో కాల్షియం క్లోరైడ్ డబ్బా పెట్టాను. అది తేమను పీల్చుకుని కరిగి, అడుగున నీళ్లుగా దిగుతుంది. వానాకాలంలో ఎన్ని నీళ్లు చేరతాయో చూస్తే ఆశ్చర్యమేస్తుంది! ఒలికితే బట్టలు పాడవుతాయి కాబట్టి నిండకముందే పారబోస్తాను. చీరల్ని ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి, పాత నూలు పంచెల్లో చుట్టాను. నా లెక్కలో అన్నిటికన్నా బాగా పనిచేసింది ఇదే. ప్లాస్టిక్‌లో చెమ్మ బయటకు పోదు.

కారం, చింతపండు బిగుతు మూతల స్టీలు డబ్బాల్లోకి మారాయి. పప్పులు నెలకు సరిపడా మాత్రమే తెస్తున్నాం.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా వానలు తక్కువ. చీరలన్నీ తీసి, గాలి తగిలేలా నీడన ఆరేయడానికి అదే అదును. అయితే చలికాలంలో సాయంత్రం ఐదు దాటగానే చీకటి పడుతుంది, పొద్దున్నే ఆరేయాలి.