క్లాస్ పేరు మారిస్తే బటన్ ఎందుకు ఆగింది? డిజైనర్, ప్రోగ్రామర్ హద్దుల సమస్యలు - పరిష్కారాలు

అమీర్‌పేటలోని ఒక కోచింగ్ సెంటర్‌కి ఫీజు పోర్టల్ కడుతున్నారనుకుందాం. డిజైన్ బంజారాహిల్స్‌లో, కోడ్ మాదాపూర్‌లో. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడూ కావాలి. సీఎస్‌ఎస్ (పేజీ రూపం చెప్పే కోడ్) నీది, జావాస్క్రిప్ట్ (పేజీని పనిచేయించే కోడ్) నాది అని ఫైళ్లు పంచేసుకుంటే గొడవ తీరదు. టెంప్లేట్‌లో (పేజీ అచ్చు ఫైల్‌లో) ఒక్క లైన్ తెరిచి చూస్తే అందులో ఇద్దరి పనీ ఉంటుంది. ఆ లైన్‌లో ఏ ముక్క మీద ఎవరి మాట చెల్లుతుందో ముందే తేలాలి.

లక్షణం: బటన్ రూపం మార్చారు. 'ఫీజు కట్టండి' నొక్కితే ఉలుకూ పలుకూ లేదు

కారణం: బటన్‌కి 'బీటీఎన్-గ్రీన్' అనే క్లాస్ (గుర్తుపట్టడానికి తగిలించే పేరు) ఉంది. రంగు వేయడానికి సీఎస్‌ఎస్, బటన్‌ని పట్టుకోవడానికి జావాస్క్రిప్ట్, రెండూ దాన్నే వాడుతున్నాయి. డిజైనర్ దాన్ని 'బీటీఎన్-ప్రైమరీ'గా మార్చగానే బటన్‌ని వెతికే క్వెరీసెలెక్టర్‌కి ఏమీ దొరక్క నల్ (ఏమీ లేదనే విలువ) ఇస్తుంది. ఆ నల్ మీద యాడ్‌ఈవెంట్‌లిజనర్ (నొక్కినప్పుడు ఏం చేయాలో చెప్పేది) పిలిస్తే ఎర్రర్ వచ్చి, ఆ స్క్రిప్ట్‌లో అక్కడి నుంచి కింద ఉన్న కోడంతా ఆగిపోతుంది. అందుకే ఏ సంబంధమూ లేని తేదీ క్యాలెండర్ కూడా పనిచేయడం మానేస్తుంది. బ్రౌజర్ కన్సోల్‌లో (ఎర్రర్లు చూపే పెట్టెలో) మొట్టమొదటి ఎర్రర్ లైన్ చూడండి. మిగతావి చాలావరకు దాని పిల్లలే.

పరిష్కారం: క్లాస్ పేర్లు పూర్తిగా డిజైనర్‌వి. కోడ్‌కి పట్టు కావాలంటే డేటా-యాక్షన్ లాంటి యాట్రిబ్యూట్ (ట్యాగ్‌లో రాసే అదనపు వివరం) పెట్టుకోవాలి. దాని మీద డిజైనర్ చెయ్యి వేయకూడదు. ఇప్పటికే నడుస్తున్న ప్రాజెక్టులో క్వెరీసెలెక్టర్, గెట్‌ఎలిమెంట్స్‌బైక్లాస్‌నేమ్, జేక్వెరీ డాలర్ గుర్తు, ఈ మూడింటికీ సెర్చ్ కొట్టి జాబితా తీయండి. ముందు టెంప్లేట్‌లో క్లాస్ పక్కనే కొత్త యాట్రిబ్యూట్ చేర్చండి. తర్వాత జావాస్క్రిప్ట్‌ని దాని మీదికి మార్చండి. క్లాస్‌ని డిజైనర్‌కి వదిలేయడం చివరి మెట్టు. వరుస తప్పితే మధ్యలో పేజీ విరుగుతుంది. ఆటోమేటెడ్ టెస్టులకి డేటా-టెస్ట్‌ఐడీ అనే యాట్రిబ్యూట్ విడిగా ఉంచండి.

ఇదే జబ్బు తిరగేసి కూడా వస్తుంది: ఫోన్ నంబర్ తప్పైతే కోడే నేరుగా బాక్సుకి ఎర్ర రంగు పూస్తుంది. అది ప్రోగ్రామర్ పని కాదు. కోడ్ ఏరియా-ఇన్‌వాలిడ్ ('ఇది తప్పు' అని చెప్పే యాట్రిబ్యూట్) విలువను ట్రూ చేసి ఊరుకోవాలి. ఆ స్థితిలో బాక్సు ఎలా కనిపించాలో సీఎస్‌ఎస్ చూసుకుంటుంది. స్క్రీన్ రీడర్ (తెర మీదిది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవారికీ తప్పు తెలుస్తుంది.

లక్షణం: పట్టికలో ఒక్క కాలమ్ చేర్చారు, పేజీ నత్తనడక

కారణం: డిజైనర్ టెంప్లేట్‌లో 'విద్యార్థి.బ్యాచ్.పేరు' అని రాశాడు. ఆ చుక్క చూడటానికి అమాయకంగా ఉంటుంది. జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) లాంటి ఫ్రేమ్‌వర్కుల్లో, ముందుగా తెచ్చిపెట్టకపోతే, వరుసకొకసారి డేటాబేస్‌కి వెళ్లొస్తుంది. 200 మంది విద్యార్థులుంటే జాబితాకి ఒకటి, మనిషికొకటి చొప్పున 201 క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు). తప్పు డిజైనర్‌ది అనడం అన్యాయం. ఆ తలుపు తెరిచి పెట్టింది ప్రోగ్రామరే.

పరిష్కారం: ఆ రోజుకి సెలెక్ట్_రిలేటెడ్ (బ్యాచ్ వివరాలూ ఒకే క్వెరీలో తెచ్చేది) చాలు. శాశ్వతంగా తీరాలంటే టెంప్లేట్‌కి డేటాబేస్ ఆబ్జెక్టులు పంపడం మానేసి, ఉత్త విలువలు పంపండి. పేజీకి ఎన్ని క్వెరీలో అసర్ట్‌నంక్వెరీస్‌తో ఒక టెస్టు పెడితే మళ్లీ పెరిగినప్పుడు అదే అరుస్తుంది.

నియమాల సంగతీ అంతే. 'బాకీ సున్నా కన్నా ఎక్కువ, గడువు దాటింది' అనే షరతు టెంప్లేట్‌లో ఉంటే, రసీదులో, ఎస్‌ఎంఎస్‌లో కూడా ఎవరో ఒకరు దాన్ని మళ్లీ రాస్తారు. ఏదో ఒక రోజు మూడూ మూడు రకాలుగా చెబుతాయి. కోడ్‌లో 'జరిమానా ఉందా' అని ఒకేచోట తేల్చి, అవును-కాదు మాత్రం పంపండి. టెంప్లేట్‌లో కూడికలు, గుణకారాలు, పోలికలు కనిపిస్తే తీసేయాల్సిందే. చూపించడం, వరుసగా తిప్పడం, అవును-కాదు అడగడం వరకే దాని పని.

లక్షణం: ఒక్క మాట మార్చాలన్నా డిప్లాయ్‌మెంట్ (కొత్త కోడ్ సర్వర్‌కి ఎక్కించడం) దాకా ఆగాలి

వాక్యాలు కోడ్‌లో ఉన్నాయి, అంతే. మెసేజ్ ఫైల్‌లోకి తీసి, మాటలు రాసేవారికి అప్పగించండి. ఏ వాక్యానికైనా కీ (గుర్తుపేరు) ఆ ఫైల్‌లో లేకపోతే బిల్డ్ (కోడ్‌ని విడుదలకి సిద్ధం చేసే మెట్టు) ఫెయిల్ కావాలి. అయితే ముక్కలు అతికించే పద్ధతి తెలుగులో నడవదు. '1 వాయిదా మిగిలింది', '3 వాయిదాలు మిగిలాయి': నామవాచకంతో పాటు క్రియ కూడా మారింది. కాబట్టి ఏకవచనానికి, బహువచనానికి నిండు వాక్యాలు రెండు రాయాలి. పేరుకి విభక్తి తగిలించినా చిక్కే, రవికి 'కి', రామారావుకు 'కు'. పేరు తర్వాత 'గారికి' అని పెడితే ఆ బాధ తప్పుతుంది, మర్యాదగానూ ఉంటుంది.

లక్షణం: ఫిగ్మాలో (డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్‌లో) ముచ్చటగా ఉంది, ఫోన్‌లో వత్తులు తెగాయి

కారణం: డిజైన్ ఇంగ్లిష్ అక్షరాలతో గీశారు. 16 పిక్సెళ్ల అక్షరానికి లైన్-హైట్ (వరుస ఎత్తు) 1.2 అంటే 19.2 పిక్సెళ్లు. 'రాష్ట్రం'లో ష కింద వత్తులు రెండు. ఎత్తు బిగించి ఓవర్‌ఫ్లో హిడెన్ (బయటికి వచ్చింది దాచేయడం) పెట్టిన బటన్‌లో అవి కోసుకుపోతాయి.

పరిష్కారం: తెలుగుకి లైన్-హైట్ 1.6 నుంచి మొదలుపెట్టండి. హైట్ బదులు మిన్-హైట్ (కనీస ఎత్తు) వాడండి. శీర్షికలకి ఇచ్చిన నెగటివ్ లెటర్-స్పేసింగ్ (అక్షరాలను దగ్గరికి లాగే విలువ) తీసేయండి. ఉర్దూ నస్తలీక్ (వాలుగా సాగే రాత శైలి) ఫాంటుకి ఇంకా ఎత్తు కావాలి, కాబట్టి భాషకొక విలువ ఉండాలి. ఆ విలువలు డిజైనర్‌వి. పేజీకి లాంగ్ (భాష), డిర్ (రాత దిశ) యాట్రిబ్యూట్లు సరిగ్గా పెట్టే బాధ్యత ప్రోగ్రామర్‌ది. ఉర్దూలో పేజీ కుడి నుంచి మొదలవుతుంది కనుక మార్జిన్-లెఫ్ట్ రాయకుండా మార్జిన్-ఇన్‌లైన్-స్టార్ట్ (రాత మొదలయ్యే వైపు ఖాళీ) రాస్తే రెండు సీఎస్‌ఎస్ ఫైళ్ల అవసరమే రాదు.

లక్షణం: సీఎస్‌ఎస్ నిండా ఇంపార్టెంట్ (మిగతా స్టైళ్లని దాటించే) గుర్తులే

లైబ్రరీ స్టైల్‌ని దాటడానికి ఒకరు పెట్టారు, దాన్ని దాటడానికి ఇంకొకరు. 2022 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నింటిలో లేయర్లు (స్టైళ్లని పొరలుగా పేర్చే పద్ధతి) పనిచేస్తున్నాయి. రీసెట్, లైబ్రరీ, డిజైన్ అని వరుస ప్రకటిస్తే చివరిదే గెలుస్తుంది. లేయర్ బయట మిగిలిపోయిన స్టైల్ అన్నింటినీ ఓడిస్తుందని మరచిపోవద్దు. ఇంపార్టెంట్ పెడితే ఈ వరుసంతా తలకిందులవుతుంది. అందుకే పాత ఇంపార్టెంట్లు తీసేశాకే లేయర్లకి మారండి.

లక్షణం: హద్దులు రాసుకున్నారు, ఎవరూ పాటించడం లేదు

గిట్‌హబ్‌లో (కోడ్ ఉంచుకునే సైట్‌లో) కోడ్‌ఓనర్స్ ఫైల్ (ఏ ఫైల్ ఎవరిదో చెప్పేది) పెట్టి, బ్రాంచ్ ప్రొటెక్షన్ సెట్టింగుల్లో కోడ్ ఓనర్ల రివ్యూ తప్పనిసరి అనే గడికి టిక్ పెట్టండి. టిక్ లేకపోతే ఆ ఫైల్ రివ్యూ అడుగుతుందే గానీ మెర్జ్‌ని (మార్పును ప్రధాన కోడ్‌లో కలపడాన్ని) ఆపదు. డిజైనర్లకి రిపోలో (కోడ్ నిల్వలో) రైట్ (రాసే) అనుమతి లేకపోతే వాళ్లని ఓనర్లుగా లెక్కచేయదు. ఒక ఫైల్‌కి సరిపోలిన లైన్లలో అన్నింటికన్నా కింద ఉన్నదే చెల్లుతుంది, కనుక అన్నింటికీ వర్తించే నక్షత్రం (*) లైన్ పైనే ఉండాలి. ఒకే లైన్‌లో రెండు టీంల పేర్లు రాస్తే ఇద్దరూ చూడాలని అర్థం కాదు, ఎవరో ఒకరు ఒప్పుకుంటే చాలు. కాబట్టి రంగులు, కొలతల ఫైల్ లైన్‌లో డిజైన్ టీం పేరు ఒక్కటే రాయండి.