పాలిచ్చే తల్లి వ్యాయామం మొదలుపెట్టాక నీరసం, కళ్లు తిరగడం: కారణాలు, పరిష్కారాలు

సమస్య: ప్రసవమై రెండు మూడు నెలలైంది. వైద్యులు సరేనన్నాక రోజూ ఉదయం నడక, తేలికపాటి కసరత్తులు మొదలుపెట్టారు. కొద్ది రోజులకే పదకొండు గంటల వేళకు కళ్లు తిరగడం, చేతులు వణకడం, పాలు తగ్గాయన్న దిగులు మొదలయ్యాయి. అన్నం మాత్రం కడుపునిండానే తింటున్నారు.

ముందు చూడవలసినది: పాలు నిజంగా తగ్గాయా? చాలామంది ఇది చూడకుండానే నడక మానేస్తారు, లేదా డబ్బా పాలు తెస్తారు. రొమ్ములు మెత్తబడటం, బిడ్డ ఏడవడం పాలు తగ్గాయనడానికి రుజువులు కావు. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, క్రమంగా బరువు పెరుగుతున్న బిడ్డకు పాలు సరిపోతున్నట్టే. బరువు పెరగకపోతే ఎన్నిసార్లు పాలు పడుతున్నారో, బిడ్డ నోటితో రొమ్మును సరిగా పట్టుకుంటోందో చూసి, వెంటనే పిల్లల వైద్యులకు చూపించండి. మితమైన వ్యాయామం పాలను తగ్గించదు.

దానితోపాటు ఐరన్ మాత్రల డబ్బా తీసి చూడండి. ప్రసవం తర్వాత 180 రోజులపాటు వేసుకోవలసిన ఈ మాత్రలను ఇంటికి రాగానే మానేసేవారు ఎందరో. వీటిని కాఫీ, టీలతో గానీ, కాల్షియం మాత్రతో కలిపి గానీ వేసుకోకూడదు.

అసలు కారణం: ఇవి రెండూ సరిగానే ఉన్నా నీరసం తగ్గకపోతే, రాత్రి చివరి ముద్దకూ ఉదయం మొదటి ముద్దకూ మధ్య ఎన్ని గంటలు గడుస్తున్నాయో లెక్కపెట్టండి. ఇది సులభంగా కంటపడదు, ఎందుకంటే మధ్యాహ్నం, రాత్రి కంచం నిండుగానే ఉంటుంది. ఎనిమిదింటికి భోజనం ముగుస్తుంది. తెల్లవారేలోపు రెండు మూడుసార్లు లేచి పాలిస్తారు. ఉదయం ఒక కాఫీతో నడకకు వెళ్తారు. బిడ్డకు స్నానం చేయించి, నిద్రపుచ్చి, టిఫిన్ ముందు కూర్చునేసరికి పది దాటుతుంది. అంటే పద్నాలుగు గంటలు ఏమీ తినకుండానే శరీరం పాలు తయారుచేసింది, నడిచింది. నిద్ర చాలకపోవడం వల్లే ఈ నీరసమని అందరూ సరిపెట్టుకుంటారు. తేడా తెలుసుకోవడానికి ఒక గుర్తుంది: మధ్యాహ్న భోజనం చేసిన గంటకు తేలికపడితే, ఆ నీరసంలో తిండి లోటు వాటాయే ఎక్కువ. వ్యాయామం చేసిన కాసేపటివరకు ఆకలి మందగించడం కూడా ఈ లోటును కప్పిపుచ్చుతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600, తర్వాతి ఆరు నెలలు 520 కిలో కేలరీలు అదనంగా కావాలి. ముప్పావు గంట చురుకైన నడకకు మరో 150 నుంచి 200 ఖర్చవుతాయి. ఇంతటినీ ఇడ్లీలతోనో అన్నంతోనో పూడ్చాలంటే కడుపు పట్టదు.

పరిష్కారం: తక్కువ పరిమాణంలో ఎక్కువ శక్తినిచ్చేవి ఆ ఖాళీ గంటల్లోనే తినాలి. పడుకునే ముందు గ్లాసు పాలు, అరటిపండు తీసుకోండి. రాత్రి పాలిచ్చేచోట మంచినీళ్ల పక్కన ఒక సున్నుండో నువ్వుండో పెట్టుకోండి. నడకకు ముందు గుప్పెడు వేయించిన పల్లీలు తింటే 170 కిలో కేలరీల దాకా అందుతాయి. నడిచి వచ్చిన అరగంటలో గుడ్డో, పెసరట్టో తినండి. బిడ్డ స్నానం ఆ తర్వాత. గర్భిణిగా మధుమేహం వచ్చినవారు బెల్లంతో చేసినవాటి విషయం వైద్యులను అడగాలి.

పథ్యం పేరిట పప్పు, పెరుగు, పండ్లు, గుడ్లు నెలల తరబడి దూరం పెట్టే ఇళ్లలో ఈ లోటు రెట్టింపవుతుంది. మాంసకృత్తులు, కాల్షియం ఎక్కువగా కావలసిన కాలంలో వాటినే తీసేసి, కారప్పొడి అన్నంతో సరిపెట్టడం సరికాదు. దయచేసి అత్తయ్యతోనో అమ్మతోనో కూర్చుని మాట్లాడండి. వారు వద్దనేది బిడ్డపై ప్రేమతోనే కాబట్టి, ఒక్కొక్కటిగా మొదలుపెట్టి బిడ్డకు ఏమీ కావడం లేదని చూపిస్తే ఒప్పుకుంటారు. బరువు తగ్గాలన్న తొందర ఉంటే వారానికి అరకిలో మించనివ్వకండి.

అరుదైనవి: తిండి సరిదిద్దిన రెండు వారాలకూ మార్పు లేకపోతే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా తిండితో ప్రయోగాలు చేయకుండా తక్షణమే ఆసుపత్రికి వెళ్లండి.