ఇంగ్లీషు పద్యంలో అలంకారాన్ని ఎలా పట్టుకోవాలి?

బరంపురంలో మన పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. ఫిగర్స్ ఆఫ్ స్పీచ్, అంటే అలంకారాలు అనగానే టెన్షన్ పడిపోయి గైడులో ఉన్నదంతా బట్టీ పట్టేస్తారు. అంత అవసరం లేదండీ. సిమిలీ అంటే మన ఉపమ, మెటఫర్ అంటే ఇంచుమించు రూపకం, ఒడియాలోనూ ఇవే పేర్లు.

ముందు పేరు జోలికి పోవద్దు. పద్యాన్ని రెండుసార్లు పైకి చదివి, మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటే ఎక్కడ అర్థం కుదరడం లేదో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. ‘ది సీ ఈజ్ యాంగ్రీ’ అన్నారనుకోండి, గోపాల్‌పూర్ సముద్రానికి నిజంగా కోపం రాదు కదా! మనిషి గుణాన్ని సముద్రానికి అంటగట్టారు కాబట్టి పర్సానిఫికేషన్.

గీత పెట్టినచోట పోలిక ఉందనిపిస్తే, దేని గురించి చెబుతున్నారు, దేనితో పోలుస్తున్నారు, ఏ గుణం కలిసింది అని అడగండి. మన ఉపమేయం, ఉపమానం, సమాన ధర్మం ఇవే. ఇక ‘లా’, ‘వలె’ లాంటి ఉపమావాచకానికి ఇంగ్లీషులో లైక్, యాజ్ ఉంటాయి. ‘హర్ వాయిస్ ఈజ్ లైక్ హనీ’ సిమిలీ. లైక్ తీసేసి గొంతే తేనె అన్నారా, మెటఫర్.

మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే, లైక్ కనబడితే చాలు సిమిలీ అని రాసేస్తారు. ‘ఐ లైక్ టీ’లో అసలు పోలికే లేదు, ‘హి వర్క్స్ యాజ్ ఎ క్లర్క్’లో ఉన్నది ఉద్యోగం. ‘రవి ఈజ్ యాజ్ టాల్ యాజ్ హిజ్ బ్రదర్’లో పోలిక ఉన్నా అది ఇద్దరన్నదమ్ముల ఎత్తు చూసి చెప్పిన మామూలు మాట. అదే రవి తాటిచెట్టంత ఉన్నాడంటే సిమిలీ, దాంతోపాటు హైపర్‌బోలి, అంటే అతిశయోక్తి కూడా. ఒకే మాటలో రెండు అలంకారాలుంటే రెండూ రాయండి, భయం లేదు.

దగ్గరదగ్గర మాటలు ఒకే శబ్దంతో మొదలైతే అలిటరేషన్, దీనికి మన లిపే సాయం. చూడాల్సింది స్పెల్లింగు కాదు, శబ్దం. ‘సిటీ’, ‘క్యాట్’ రెండింటికీ ఇంగ్లీషులో మొదటి అక్షరం ఒకటే, తెలుగులో రాస్తే వేరని తెలిసిపోతుంది. వి, డబ్ల్యూ మాత్రం మనకు రెండూ ‘వ’ అయిపోతాయి, అక్కడ జాగ్రత్త.

పేరు రాసి ఆగిపోకండి, ఆ పోలిక వల్ల ఏం తెలిసిందో ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యం ముందు ఇంటిమాటల్లోనే రానివ్వండి, తర్వాత ఇంగ్లీషులో పెట్టుకోవచ్చు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మన పక్కనే ఉంది, ఇంటిమాటను చిన్నచూపు చూడటం మనకు తగదు.

రోజూ ఇంట్లో వినబడే ఒక్క మాట తీసుకుని సాధన చేయండి. ‘ఎండ నిప్పులు చెరుగుతోంది’ అంటాం. చేటతో చెరగడం మనిషి చేసే పని, ఇక్కడ ఆ చేట ఎండ చేతిలో ఉంది. పర్సానిఫికేషన్!