సుదీర్ఘ గుర్రపు స్వారీ నిర్వహణ – పాఠం 3: గుర్రం ఎందుకు ఆగిపోయింది?

కాలిఫోర్నియాలో 1955లో మొదలైన గుర్రపు స్వారీ పోటీ టెవిస్ కప్‌లో 24 గంటల్లో 100 మైళ్లు దాటి ఆబర్న్ చేరాలి. బయలుదేరినవారిలో చేరేది సుమారు సగం మందే. మిగిలినవారి పేర్ల ఎదుట కారణం రాసే పని నేర్చుకోవడమే నేటి పాఠం.

అమెరికన్ ఎండ్యూరెన్స్ రైడ్ కాన్ఫరెన్స్ అనే సంస్థ పద్ధతిలో కుంటుకు ‘ఎల్’, శరీరం లోపలి ఇబ్బందికి ‘ఎం’, జీను ఒరిపిడి వంటి పైగాయాలకు ‘ఎస్ఎఫ్’, గడువు దాటితే ‘ఓటీ’ రాస్తారు. చివరి రెండింటితో పెద్దగా పేచీ ఉండదు. తగాదా అంతా మొదటి రెండింటి దగ్గరే.

గుర్రం వెనక కాళ్లు ఈడుస్తూ వచ్చిందనుకోండి. చూసినవారంతా కుంటు అంటారు. తొందరపడకండి. నడుము మీద చెయ్యి వేయండి. కండరాలు బిగుసుకుపోయి, గుర్రం అడుగు వేయడానికే మొరాయిస్తూ, మూత్రం కాఫీ రంగులో వస్తుంటే అది కండరాలు దెబ్బతినే ‘టైయింగ్ అప్’. రాయవలసింది ‘ఎం’. ముందుకాలి కుంటు తీరు వేరు: నెమ్మది పరుగు అయిన ట్రాట్‌లో నొప్పి ఉన్న కాలు నేలను తాకినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు పడినప్పుడు దిగుతుంది. నాడి ఎక్కువగా ఉన్నంత మాత్రాన ‘ఎం’ రాయకండి, నొప్పికీ నాడి పెరుగుతుంది. చిగుళ్ల రంగు, పేగుల చప్పుడు, చర్మం సాగదీస్తే తిరిగి సర్దుకునే వేగం కూడా చూశాకే కలం తీయండి.

ఇక ‘ఆర్ఓ’, అంటే రౌతు తనంతట తాను మానుకోవడం. నా దృష్టిలో చిట్టా మొత్తంలో ఎక్కువగా దుర్వినియోగమయ్యేది ఇదే. రౌతు పరువు కాపాడటానికి ‘ఆర్ఓ’ రాస్తే గుర్రం జబ్బు లెక్కలోంచి మాయమవుతుంది. పశువైద్యుడు గుర్రం ముందుకు వెళ్లవచ్చని చెప్పాకే ఈ గుర్తు వాడాలి. వైద్యుడు సరేనన్నా అడుగు కాస్త తేడాగా ఉందని రౌతుకు తోస్తే ‘ఆర్ఓ-ఎల్’, గుర్రం డీలాగా ఉందనిపిస్తే ‘ఆర్ఓ-ఎం’. మోకాలి నొప్పితో రౌతే దిగిపోతే ఉత్త ‘ఆర్ఓ’.

అభ్యాసం: 68వ మైలు దగ్గర ఫారెస్ట్‌హిల్ తనిఖీ. గుర్రం కుంటడం లేదు. కానీ ఇచ్చిన సమయంలో నాడి నిర్ణీత సంఖ్యకు దిగలేదు, పేగుల చప్పుడు లేదు. వైద్యుడు అనుమతి ఇవ్వకముందే రౌతు, “నాకు వికారంగా ఉంది, నేనే మానుకుంటున్నాను” అన్నాడు. ఏమి రాస్తారు? కారణం ఒక్క వాక్యంలో రాసి ఉంచుకోండి. నాలుగో పాఠం ఆ జవాబుతోనే మొదలవుతుంది.